పెరటి తొట్టిలో తోకకప్పలు: ఏది ఏ కప్ప పిల్లో తెలుసుకోవడం ఎలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో రెండు గట్టి వానలు పడ్డాయంటే పెరట్లోని తామరతొట్టి నిండా తోకకప్పలే. బడిపుస్తకంలో టాడ్‌పోల్ అని చదువుకున్నవి. పక్కింటి ఒడియా పిల్లలు "బెంగ, బెంగ" అంటూ గోడ దూకి వచ్చేస్తారు. ఒడియాలో బెంగ అంటే కప్ప. "ఎవరి మీద బెంగర్రా మీకు?" అని మా అమ్మ ఇప్పటికీ వాళ్ళను ఆటపట్టిస్తుంది.

చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా అవి నాలుగైదు రకాల కప్పల పిల్లలు. రంగు ఒక్కటే చూసి పేరు పెట్టారో, తప్పులో కాలేసినట్టే.

1. వీలైతే గుడ్ల దగ్గరే పట్టుకోండి

వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూడండి. నీళ్ళలో నాచుకు చుట్టుకుని నల్లపూసల గొలుసులా, రెండు పేటలుగా పొడుగ్గా సాగిన జిగురు తాడు కనిపిస్తే అవి గోదురుకప్పవి. ఒళ్ళంతా పొక్కులుండే ఆ కప్పే, రాత్రి వీధిదీపం కింద పురుగులు తింటూ కూర్చునేది. తొట్టి గోడకో, నీళ్ళ మీదికి వంగిన ఆకుకో సబ్బు నురగ ముద్ద అంటుకుని ఉంటే అది చెట్టుకప్ప గూడు. పిల్లలు అందులోనే గుడ్లు చీల్చుకుని వచ్చి కింద నీళ్ళలోకి జారతాయి. ఎవరో బట్టలుతికిన నురగ అనుకుని మా ఇంట్లో ఓసారి చీపురుతో కడిగేశారు కూడా. ఇక నానిన సబ్జా గింజల్లా నీటిపైన ఒకే పొరగా తేలేవి బొటనవేలి గోరంత చిట్టికప్పల గుడ్లు.

2. గుంపు చూడండి

కాటుక నలుపులో, అంగుళం లోపు ఉండి, అంచున వెచ్చటి నీళ్ళలో వందల కొద్దీ ఒకేచోట ముసిరితే దాదాపుగా గోదురుకప్ప పిల్లలే. వాటి తోక పొట్టిది, కొస గుండ్రంగా ఉంటుంది. నీళ్ళ మధ్యలో కదలకుండా వేలాడుతూ, గాజులా లోపలి పేగులు కూడా కనిపిస్తే చిట్టికప్పవి.

3. తెల్ల గిన్నెలోకి తీయండి

టీ వడపోసే జాలి చాలు. గిన్నెలో తొట్టి నీళ్ళే పోయండి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. చేతికి శానిటైజర్, దోమల క్రీము ఉంటే ముందు కడుక్కోండి. రెండు మూడు పిల్లలు చాలు, పది నిమిషాల్లో తిరిగి వదిలేయండి. వేరే చెరువులో మాత్రం వదలొద్దు, జబ్బులు అలాగే పాకుతాయి.

అన్నీ ఒకే గిన్నెలో వేయకండి. నేను వేశాను. ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో, తల బలంగా ఉన్న ఒకదాన్ని మిగతావాటితో కలిపి ఉంచి టీ తాగి వచ్చేసరికి ఆరు కాస్తా నాలుగయ్యాయి. ఐదోది దాని నోట్లో తోక ఆడిస్తోంది. అది బోదురుకప్ప పిల్ల. వానల్లో మగది పసుపు ముద్దలా మెరుస్తూ పొలంలో అరిచే పెద్ద కప్ప ఉందే, దానిది. తోటి పిల్లల్ని, దోమ లార్వాలను కూడా తినేస్తుంది.

4. కళ్ళు, నోరు

పైనుంచి చూడండి. కళ్ళు తల పక్కలకు ఉబ్బి, తోక కొస సన్నగా దారంలా సాగితే చెట్టుకప్ప. కళ్ళు తలపైకి దగ్గరగా ఉంటే గోదురుకప్పో, వరిమళ్ళలో కనిపించే చిన్న పొలం కప్పో కావచ్చు. ఆ తర్వాత గాజు సీసాలోకి మార్చి పక్కనుంచి, కిందినుంచి చూడండి. చాలా రకాల్లో నీళ్ళు బయటికొచ్చే చిన్న రంధ్రం ఎడమ పక్కనే ఉంటుంది. చిట్టికప్ప పిల్లలకు పొట్ట కింద మధ్యలో ఉంటుంది, నోరు ముక్కు చివర పైకి తిరిగి ఉంటుంది. ఈ గుర్తు దొరికితే దాదాపుగా తేలిపోయినట్టే. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసుకోండి.

5. కాళ్ళు వచ్చాక

వెనక కాళ్ళు ముందు వస్తాయి. ముందరి కాళ్ళు లోపల తయారై ఒక్కసారిగా బయటపడతాయి. 1992లో ఉత్కళ విశ్వవిద్యాలయం పరిశోధకులు తోక కత్తిరించిన తోకకప్పలకు విటమిన్-ఎ ఇస్తే, తెగిన చోట తోకకు బదులు కాళ్ళు మొలిచాయి. అది నేచర్ పత్రికలో అచ్చయింది. మన ఒడిశాలో జరిగిన ముచ్చట కాబట్టి చెప్పకుండా ఉండలేను.

నాలుగు కాళ్ళూ వచ్చి తోక కరుగుతున్నప్పుడు అవి తినవు, ఊపిరి కోసం పైకి రావాలి. తొట్టిలో ఓ రాయో, చెక్కో వాలుగా పెట్టండి. ఆ రాయి మీద శనగగింజంత నల్లటి పిల్ల కూర్చుంటే గోదురుకప్ప. రాయి ఊసే లేకుండా తొట్టి గోడ నిట్టనిలువుగా పాకేస్తూ, వేళ్ళ చివర చిన్న గుండ్రటి బిళ్ళలు కనిపిస్తే చెట్టుకప్ప. మీ బాత్రూం కిటికీ మీద రోజూ కూర్చునే పెద్దమనిషి సంతానం అన్నమాట.