చెట్టును పోల్చుకుందాం – 5వ పాఠం: ఆకు రాల్చే సూదాకుల చెట్టు

గత పాఠంలో సరుగుడు రెమ్మ తెచ్చి చూడమన్నాను. చూడనివాళ్ల కోసం మళ్లీ చెబుతాను. సరుగుడు మీద వేలాడే పచ్చటి పోగులను అందరూ ఆకులనుకుంటారు. నిజానికి అవి సన్నటి కొమ్మలు. ఒక పోగును రెండు చేతులా పట్టుకుని లాగితే కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఊడిన చోట భూతద్దం పెడితే చుట్టూ ఆరు నుంచి ఎనిమిది దాకా బుల్లి పళ్లు కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. సరుగుడు పూలు పూసే చెట్టు. చూడ్డానికి పైన్‌లా ఉంటుందే గానీ పైన్‌తో చుట్టరికం లేదు.

ఈరోజు నిజమైన సూదాకుల చెట్టు దగ్గరకు వెళ్దాం. పేరు లార్చ్. శంకువులు, అంటే పొలుసులు పేర్చినట్టుండే కాయల్లాంటివి, కాసే చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయని బడిలో చదువుకున్నాం. చాలా జాతుల విషయంలో అది సరైన మాటే. లార్చ్ మాత్రం చలికాలం ముందు పసుపు రంగుకు తిరిగి, మన టేకులాగే ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది. ఆకు లేనప్పుడు దాన్ని ఎలా పోల్చుకోవాలన్నదే ఈ పాఠం. ఆకు చూసి చెట్టు పేరు చెప్పడం సులువు. ఒట్టి కొమ్మ చూసి చెప్పగలిగితేనే చెట్టును చదవడం వచ్చినట్టు లెక్క.

మన దేశంలో లార్చ్ సిక్కిం, అరుణాచల్‌ప్రదేశ్ కొండల్లో ఉంది. తూర్పు నేపాల్, భూటాన్‌లలోనూ అదే జాతి, లారిక్స్ గ్రిఫితి. సుమారు 3000 నుంచి 4000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. అలాంటి కొండలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే ఆ చెట్టు ఉండే చోటు అందుతుంది. తిరుపతి ఎండలో దాన్ని పెంచుదామని ఎవరూ ప్రయత్నించవద్దు, పాపం బతకదు.

మా అన్న కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఉత్తర సిక్కింలో పనిచేస్తున్నప్పుడు దారి పక్కన రాలి పడి ఉన్న రెమ్మ ఒకటి, నాకు పనికొస్తుందని, మిఠాయి డబ్బాలో పెట్టుకుని సెలవుకి తెచ్చాడు. నేను డబ్బా మూత తీసేసరికి ఆకులన్నీ ఊడిపోయి అడుగున వేయించిన సేమియాలా పడి ఉన్నాయి. ముందు ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఆ ఒట్టి రెమ్మను కిటికీ వెలుగులో పెట్టి చూస్తూ కూర్చుంటే సాయంత్రమైందే తెలియలేదు.

జానెడు రెమ్మ అది. వేలితో నిమిరితే నున్నగా లేదు, అంగుళానికి ఒకటో రెండో బుడిపెలు తగులుతున్నాయి. ఈ బుడిపెలే లార్చ్ గుర్తు. వీటిని పొట్టి రెమ్మలు అందాం. ఒక్కో బుడిపె నిజంగా ఒక కొమ్మే, కాకపోతే ఏడాదికి ఏ మిల్లీమీటరో పెరిగి ఆగిపోతుంది. ఏటా వసంతంలో దాని కొస నుంచి ముప్పై, నలభై మెత్తటి సూదాకులు గుత్తిగా విచ్చుకుంటాయి. అవి రాలాక బుడిపె చుట్టూ ఒక గీత మిగులుతుంది. మరుసటి ఏడు దాని పైన ఇంకో గీత. భూతద్దంతో ఒక బుడిపె మీద లెక్కపెడితే తొమ్మిది గీతలు తేలాయి. తొమ్మిదిసార్లు చిగిర్చి తొమ్మిదిసార్లు రాల్చిందన్నమాట. ఆ ఏడు కొత్తగా సాగిన కొస మీద మాత్రం బుడిపెలు ఉండవు. అక్కడ ఆకులు గుత్తిగా కాక ఒక్కొక్కటిగా, మెలికల వరసలో వస్తాయి. ఒకే కొమ్మ మీద రెండు పద్ధతులూ ఉన్నాయా లేదా అన్నది మొదటి పరీక్ష.

రెండోది శంకువు. నా రెమ్మ మీద రెండున్నాయి, పెద్దది ఏడు సెంటీమీటర్లు. గింజలు పోయినా శంకువు కొమ్మను వదలదు, కొన్నేళ్లపాటు నిటారుగా కూర్చునే ఉంటుంది. ఈ హిమాలయ జాతిలో పొలుసుల మధ్య నుంచి సన్నటి నాలుకల్లాంటివి బయటికి వచ్చి కిందికి వంగి ఉంటాయి. యూరప్ లార్చ్‌లో అలా ఉండదు, శంకువూ చిన్నదే.

దేవదారుతో పొరబడే ప్రమాదం ఉంది, దానికీ పొట్టి రెమ్మలూ ఆకు గుత్తులూ ఉంటాయి. అయితే దేవదారు ఆకు బిరుసు, అరచేతిలో నొక్కితే గుచ్చుకుంటుంది, చలికాలంలోనూ చెట్టు మీదే ఉంటుంది. లార్చ్ ఆకు మెత్తన. పైన్‌లో రెండో, మూడో, ఐదో ఆకులు మొదలు దగ్గర కట్టినట్టు కలిసి ఉంటాయి కాబట్టి దానితో తికమక లేదు.

ఇంతకీ ఆకు ఎందుకు రాల్చడం? శేషాచలం అడవిని వేసవి మొదట్లో చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నేలలో తడి ఆరగానే ఎర్రచందనం ఆకు వదిలేస్తుంది, లేకపోతే ఆకుల గుండా ఉన్న నీళ్లూ పోతాయి. లార్చ్ ఉండే అంత ఎత్తున చలికాలంలో నేలలో నీళ్లుంటాయి, కానీ గడ్డకట్టి ఉంటాయి. వేరుకు అందని నీళ్లు ఉన్నా లేనట్టే. పైన గాలీ ఎండా ఆకును ఆరబెడుతూనే ఉంటాయి. అందుకే లార్చ్ ఆకులోని నత్రజనిలో చాలా భాగాన్ని వెనక్కి లాక్కుని ఆకును వదిలేస్తుంది. ఇక్కడ కరువు, అక్కడ మంచు, రెండు చెట్లకూ వచ్చిన కష్టం ఒకటే. ఆ కష్టాన్ని లార్చ్ ఎంత దూరం ఓర్చుకుంటుందంటే, రష్యాలోని తైమీర్ ప్రాంతంలో 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక కూడా లార్చ్ అడవి ఉంది. భూమ్మీద అంతకన్నా ఉత్తరాన అడవి లేదు.

ఇప్పుడు మీ పని. లార్చ్ మన దగ్గర లేకపోయినా మచ్చలు చదవడం ఇక్కడే నేర్చుకోవచ్చు. చలికాలంలో ఆకు రాల్చిన దేవగన్నేరు ఏ గుడి దగ్గరైనా ఉంటుంది. ఆ లావుపాటి కొమ్మ మీద ఆకు రాలిన చోటల్లా మచ్చ ఉంటుంది. కొస నుంచి మొదలుపెట్టి మచ్చలు లెక్కపెట్టండి. ఎక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయో, ఎక్కడ ఎడంగా ఉన్నాయో నోట్‌బుక్‌లో గీయండి. ఎడంగా ఉన్న చోట కొమ్మ జోరుగా సాగిందని గుర్తు. తర్వాత రాలిపడిన బాదం కొమ్మ ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూడండి. కొండ మీద మాత్రం ఏదీ విరవకండి, రాలినదీ తేవద్దు, అక్కడే కూర్చుని బొమ్మ వేసుకోండి.

వచ్చే పాఠం పెరిత గురించి. లార్చ్‌లాగే పువ్వు లేకుండా గింజ పెట్టే మొక్క, అదీ మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లోదే. దేవగన్నేరు బొమ్మ వేశాకే ఆ పాఠానికి రండి.