ఐదక్షరాల పాదాన్ని తరగతిలో చదివించే పద్ధతి

ప్రాచీన చైనా కవిత్వాన్ని కొత్తగా బోధించేవారు రాజవంశాల చరిత్రతో మొదలుపెట్టి, వారాలు గడిచినా ఒక్క పద్యమూ తెరవకపోవడం కద్దు. అంతకంటే తాంగ్ రాజవంశ కాలపు కవి దూ ఫూ రాసిన ‘వసంత దృశ్యం’ అనే, పాదానికి ఐదక్షరాల చొప్పున ఎనిమిది పాదాల పద్యాన్ని తొలిరోజే నల్లబల్ల మీద రాయడం మేలు. క్రీ.శ. 757 వసంతంలో, సేనాని ఆన్ లూషాన్ పక్షపు తిరుగుబాటుదారుల చేజిక్కిన రాజధాని చాంగాన్ నగరంలో కవి చిక్కుకుపోయాడన్న ఒక్క మాట పూర్వరంగంగా సరిపోతుంది.

ఈ పద్యంలో ఒక్కో చైనా అక్షరం ఒక్కో మాట. ముందుగా తాత్పర్యం చెప్పకుండా, ఒక్కొక్క అక్షరం కింద ఒక్కొక్క తెలుగు మాటను విభక్తులు లేకుండా రాయించాలి: ‘దేశం–భగ్నం–కొండ–నది–ఉనికి’, దాని కింద ‘నగరం–వసంతం–గడ్డి–చెట్టు–దట్టం’. రెండో అక్షరం తర్వాత కాస్త ఆగి చదివిస్తే, పై పాదంలోని ప్రతి మాటకూ కింది పాదంలో జోడు ఉందని విద్యార్థులే పట్టుకుంటారు. అప్పుడు 11వ శతాబ్దపు చరిత్రకారుడు సీమా గ్వాంగ్ వ్యాఖ్యను వినిపించాలి: కొండలూ నదులూ ఉన్నాయనడంలో ఇంకేమీ మిగల్లేదనీ, గడ్డీ చెట్లూ దట్టమయ్యాయనడంలో మనుషుల జాడ లేదనీ ఆయన వివరించాడు.

అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. ‘స్పందన–కాలం–పువ్వు–చిందు–కన్నీరు’ అన్న ఐదు మాటల్లో ఏడ్చిందెవరో చెప్పలేదు. ‘చిందించాను’ అని రాస్తే పూలను చూసి కవి ఏడ్చినట్టు, ‘చిందించాయి’ అని రాస్తే పూలే ఏడ్చినట్టు. మూలంలో రెండూ చెల్లుతాయి గాని, తెలుగు క్రియ తన చివర కర్తను చెప్పకుండా వదలదు. అందుచేత రెండు అనువాదాలనూ పక్కపక్కనే రాయించాలి. ఏది సరైనదో తేల్చమని విద్యార్థులు పట్టుబడతారు, లొంగకూడదు.

ప్రాస విషయంలో నేటి చైనా ప్రామాణిక భాష మాండరిన్ ఉచ్చారణను నమ్ముకుంటే పొరపడతాం. సరి సంఖ్య పాదాల (2, 4, 6, 8) చివరి మాటలు అందులో షెన్, షిన్, జిన్, జాన్ అని వినబడి, చివరిది తప్పినట్టు అనిపిస్తుంది. దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్‌లో అవే సమ్, సమ్, గమ్, జామ్. తాంగ్ కాలపు మకారాంతం అక్కడ నిలిచింది. కనుక కాంటనీస్ పఠనాన్ని కూడా వినిపించాలి. మన ఛందస్సు తెలిసినవారు గురులఘువులతో పోల్చబోతారు. ఇక్కడి లెక్క మాత్రల మీద కాక స్వరం (అక్షరాన్ని పలికేటప్పటి గొంతు స్థాయి, టోన్) మీద నడుస్తుందని ముందే హెచ్చరించడం మంచిది.

పరిశోధనకు తొలి అభ్యాసంగా, చైనా పిల్లలకు కంఠస్థమైన, దూ ఫూ సమకాలికుడు లీ బాయ్ రాసిన వెన్నెల పద్యాన్ని ఇవ్వవచ్చు. నేటి పాఠ్యపుస్తకాల్లో ‘ప్రకాశించే చంద్రుడు’ రెండుసార్లు వస్తాడు. తాంగ్ తర్వాతి సోంగ్ రాజవంశ కాలపు ప్రతుల్లో మొదటి పాదంలో ‘చూసే వెన్నెల’, మూడో పాదంలో ‘కొండ మీది చంద్రుడు’ ఉంటాయి. రెండు పాఠాలూ ఎదురెదురుగా రాయించి, ఒక్కో మార్పు ఏ ముద్రణలో ప్రవేశించిందో విద్యార్థుల చేతనే వెతికించాలి.