గోవా కార్నివాల్ తెలుసుకుందాం – 2వ పాఠం: తేదీ లెక్క కట్టడం

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు చేసే నలభై రోజుల ఉపవాసం మొదలవక ముందే మాంసం, గుడ్లు, వెన్న అన్నీ తినేసి, ఆటపాటలతో గడిపే పండగ కార్నివాల్ అని పోయిన పాఠంలో చూశాం. దాని తేదీ ఏటా మారుతుంది. పంచాంగంలో పున్నమి చూడటం వచ్చినవాళ్లకు ఈ లెక్క కష్టమేమీ కాదు.

ముందు ఈస్టర్ తేలాలి. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి ఎప్పుడో చూడండి. దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. పున్నమే ఆదివారం పడితే ఇంకో వారం ఆగాలి.

ఈస్టర్ నుంచి 46 రోజులు వెనక్కి వెళ్తే ఉపవాసం మొదలయ్యే భస్మ బుధవారం. ఉపవాసం నలభై రోజులే కదా, మరి 46 ఎందుకు? మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను ఉపవాసంలో కలపరు. భస్మ బుధవారానికి ముందు రోజు, మంగళవారంతో కార్నివాల్ అయిపోతుంది. గోవాలో అంతకుముందు శనివారం పణజి వీధుల్లో కార్నివాల్ రాజుగా వేషం కట్టే మోమో రాజు ఊరేగింపుతో సందడి మొదలవుతుంది. తినండి, తాగండి, సంబరంగా ఉండండి అని ఆయన ఆజ్ఞ. ఈ రోజుల్లోనే దక్షిణ గోవాలోని చాందోర్ ఊళ్లో మగవాళ్లు రోకళ్లు పట్టుకుని ముసళ్ ఖేళ్ అనే నృత్యం ఆడతారు. గోవా వెళ్లేవాళ్లు పణజి శకటాలు చూసి వచ్చేయకుండా దీన్ని తప్పకుండా చూడాలి.

2027 సంవత్సరం తీసుకుందాం. మార్చి 22 సోమవారం పున్నమి. ఈస్టర్ మార్చి 28. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి వస్తే ఫిబ్రవరి 10, భస్మ బుధవారం. కార్నివాల్ ఫిబ్రవరి 6 శనివారం నుంచి 9 మంగళవారం వరకు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. చర్చి ఆకాశంలోని చంద్రుణ్ణి చూడదు, పున్నమి తేదీలున్న తన పాత పట్టికనే చూస్తుంది. 2019లో మనకు మార్చి 21న పున్నమి వచ్చింది. ఆ లెక్కన ఈస్టర్ మార్చి 24 కావాలి. పట్టికలో ఆ పున్నమి మార్చి 20న ఉంది, అంటే ఒక్క రోజు ముందు. దాంతో అది లెక్కలోకి రాలేదు. ఏప్రిల్ 18 పున్నమిని తీసుకున్నారు, ఈస్టర్ ఏప్రిల్ 21కి వెళ్లింది. కార్నివాల్ మార్చి 5న ముగిసింది. పున్నమి మార్చి 21 దగ్గర్లో ఉంటే పంచాంగాన్ని నమ్ముకోకండి. ఆ పట్టిక, దాని 19 ఏళ్ల చక్రం వచ్చే పాఠంలో నేర్చుకుందాం.

అభ్యాసం: 2028లో పట్టిక ప్రకారం పున్నమి ఏప్రిల్ 10 సోమవారం. కార్నివాల్ ఆఖరి రోజు ఏది? అది లీపు సంవత్సరమని గుర్తుంచుకుని లెక్కపెట్టండి. ఫిబ్రవరి 29 వస్తే మీ లెక్క సరైనదే.