ఐసెట్ అలవాటుతో క్యాట్ రాయకండి

అనంతపురంలో డిగ్రీ ముగించి ఎంబీఏ వైపు చూసేవారిలో చాలామంది రాష్ట్రంలోని కళాశాలల ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్, ఐఐఎంల (జాతీయ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల) ప్రవేశ పరీక్ష క్యాట్ రెండూ రాస్తారు; రెండింటికీ ఒకే సన్నద్ధత చాలునని నమ్ముతారు. మొదటిసారి నేనూ అలాగే నమ్మి దెబ్బతిన్నాను. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలుంటాయి, తప్పు జవాబుకు కోత ఉండదు. కాబట్టి తెలిసినా తెలియకపోయినా అన్నింటికీ జవాబు గుర్తించి రావడమే అక్కడ తెలివి. క్యాట్ అందుకు పూర్తిగా భిన్నమైనది. ఇంగ్లిషు, డేటా–తర్కం, గణితం అనే మూడు విభాగాలకు తలా 40 నిమిషాలు ఇస్తారు, ఒకదానిలో మిగిలిన సమయం మరొకదానికి చెల్లదు, సరైన జవాబుకు 3 మార్కులు వస్తాయి, ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు జవాబిస్తే 1 మార్కు పోతుంది.

లెక్క వేసి చూడండి, తప్పులన్నీ ఆప్షన్లున్న ప్రశ్నల్లోనే అనుకుందాం. గణిత విభాగంలో 22 ప్రశ్నలకు గాను 18 ముట్టుకుని 10 సరిగా, 8 తప్పుగా చేసినవారికి 22 మార్కులు వస్తాయి. 13 మాత్రమే ముట్టుకుని 11 సరిగా చేసినవారికి 31 వస్తాయి. రెండోవారికి గణితం ఎక్కువ వచ్చని కాదు, ఏది వదలాలో తెలుసు. జవాబును మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలకు మాత్రం కోత లేదు గనుక, వాటిని ఖాళీగా వదలకూడదు.

వదలడం పుస్తకం చదివితే రాదు, మాక్ టెస్టులు రాసి, వాటిని తిరగేస్తేనే వస్తుంది. నేను చేరిన కోచింగ్ కేంద్రంలో వారానికి రెండు మాక్‌లు పెట్టి, మార్కులు గోడకు అంటించి, మరుసటి పాఠానికి వెళ్ళిపోయేవారు. రెండో ఏడాది వారానికి ఒక్క మాక్ రాసి, దాన్ని విప్పి చూసుకోవడానికి రాసిన సమయానికి రెట్టింపు పెట్టాను. ఇందుకోసం 200 పేజీల నోటుబుక్కు ఒకటి చాలు. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: అసలు తెలియదా, తెలిసినా ఆలస్యమైందా, ప్రశ్నను సరిగా చదవలేదా, ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకున్నామా. నా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: ‘14వ ప్రశ్న, కాలం–పని, ఐదు నిమిషాలు, తప్పు. రెండో నిమిషంలోనే వదిలేయాల్సింది.’ ఇలాంటి వరుసలు పదో పదిహేనో చేరేసరికి మన బలహీనత ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లిషు విభాగం కొండలా కనిపిస్తుంది. అందులోని 24 ప్రశ్నల్లో ఎక్కువ భాగం గద్యాలు చదివి జవాబిచ్చేవే కాబట్టి, పదాల జాబితాలు బట్టీ పట్టడం వల్ల ఒరిగేది తక్కువ. రోజుకొక ఇంగ్లిషు సంపాదకీయం చదివి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో రాయండి. రాయలేకపోతే అర్థం కానట్టే. డేటా–తర్కం విభాగంలోని డేటా సెట్ల (ఒకే సమాచారంపై వచ్చే ప్రశ్నల గుంపుల) విషయంలో మొదటి ఐదు నిమిషాలు ఏదీ మొదలుపెట్టకుండా అన్నీ చదివి, చేయగలిగినవి ఎంచుకోవాలి. మరో చిన్న మాట: పరీక్ష ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతల్లో జరుగుతుంది, ఏది వస్తుందో మన చేతిలో లేదు. అందుకే కొన్ని మాక్‌లైనా కడుపునిండా తిన్న తర్వాత, కళ్ళు మూతలు పడే వేళలో రాసి చూడండి.

ఇక కళాశాల. పర్సంటైల్ (పరీక్ష రాసినవారిలో ఎంత శాతం మన వెనక ఉన్నారన్న లెక్క) ఒక్కటే ఇంటర్వ్యూ పిలుపు తెప్పించదు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం అన్నీ కలుస్తాయి, వాటికిచ్చే విలువ ఒక్కో ఐఐఎంలో ఒక్కో రకంగా ఉంటుంది. కాబట్టి దరఖాస్తు డబ్బు కట్టక ముందే ఆ సంస్థ ప్రవేశ విధానం చదివి, మీ పాత మార్కులతో లెక్క వేసుకోండి. జంషెడ్‌పూర్‌లోని మేనేజ్‌మెంట్ కళాశాల ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ కోసం ఎక్స్‌ఏటీ అనే పరీక్ష విడిగా రాయాలన్నది కూడా ముందే గుర్తుంచుకోవాలి.

మనకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర, అందుకే ఇంట్లోవారి చూపు సహజంగా అటే పోతుంది. అక్కడ ఐఐఎం ఉన్నమాట నిజమే, కానీ దాని చుట్టూ రంగురంగుల బ్రోచర్ల కళాశాలలు కూడా ఉన్నాయి. బ్రోచర్‌లోని సగటు జీతాన్ని నమ్మకండి. ఐదుగురికి వరుసగా 6, 6, 7, 7, 40 లక్షల చొప్పున ఉద్యోగాలు వస్తే సగటు 13.2 లక్షలు అవుతుంది, మధ్యలో నిలిచిన విద్యార్థికి దక్కేది మాత్రం 7 లక్షలే. ఈ మధ్యస్థ జీతం, ఉద్యోగం వచ్చినవారి సంఖ్య కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్‌కు కళాశాలలు సమర్పించే వివరాల్లో దొరుకుతాయి. ఆ వివరాలు చూపించడానికి వెనకాడే కళాశాలను జాబితాలోంచి తీసేయవచ్చు.

పెద్ద ఐఐఎంలలో రెండేళ్ళ ఫీజు 20 లక్షలు దాటింది. పది శాతం వడ్డీకి 20 లక్షలు తీసుకుని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 26,400 రూపాయలు కట్టాలి. చదివేకాలపు వడ్డీ దీనికి అదనం. మంచి ఐఐఎం జీతం దీన్ని మోస్తుంది, పేరులేని కళాశాల జీతం మోయలేదు. నన్నడిగితే, అలాంటిచోట 15 లక్షల అప్పు చేయడం కంటే ఐసెట్ ర్యాంకుతో ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో చదవడం నయం. లేదంటే రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఆ అనుభవంతో క్యాట్ మళ్ళీ రాయవచ్చు.

చివరి జాబితాలో నాలుగైదు పేర్లు మిగిలాక, ఒక్కో కళాశాల నుంచి మీలాగే బీకామో బీఎస్సీయో చదివి వెళ్ళిన సీనియర్‌ను ఒకరిని వెతికి పట్టుకోండి. జీతం సంగతి తర్వాత, ముందుగా ఉద్యోగం ఏ పనికి ఇచ్చారో, ఇంజినీర్లు కానివారిని ఎన్ని కంపెనీలు ఇంటర్వ్యూకు పిలిచాయో అడగండి.