లాంగ్ కోవిడ్‌కి మైండ్ మందులు మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి

కోవిడ్ తగ్గి నెలలైనా మతిమరుపు, దిగులు, నిద్ర పట్టకపోవడం పోలేదని ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే ముందు ఇవి చదవండి.

- వాడే స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, నోటితో చెప్తే ఏదో ఒకటి మర్చిపోతాం. మా పిన్ని నడుంనొప్పికి ట్రమడాల్ వేసుకుంటూ, నొప్పి మాత్రే కదా అని చెప్పలేదు, డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు, మూడో రోజుకి చేతులు వణుకుతూ గ్లాసు పట్టుకోలేకపోయింది, ఒళ్లంతా చెమటలు. రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మరీ పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. లాంగ్ కోవిడ్‌కి కొందరు డాక్టర్లు రాసే లో డోస్ నాల్ట్రెక్సోన్ అయినా ట్రమడాల్ సంగతి చెప్పాల్సిందే, అది ట్రమడాల్‌ని పనిచేయనివ్వదు.

- గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి విపరీతమైన హుషారు వచ్చిందా? తప్పకుండా చెప్పండి, బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు) అయితే ఉత్త డిప్రెషన్ మందుతో అది మళ్లీ తిరగబెట్టొచ్చు.

- బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించారా అని అడగండి, ఇవి తగ్గినా బుర్ర మొద్దుబారినట్టే ఉంటుంది.

- నిద్రకి తెలిసినవాళ్లు ఇచ్చిన ఆల్ప్రాజోలం వద్దు, మతిమరుపు ఇంకా పెరుగుతుంది, అలవాటైపోతుంది కూడా.

- బ్రెయిన్ ఫాగ్‌కి, అంటే ఈ మతిమరుపు, బుర్ర మొద్దుబారడానికి, ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంకా రాలేదు, కోర్సు అని వేలకి వేలు కట్టకండి.

- డిప్రెషన్ మందు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకండి. 25 ఏళ్లలోపు పిల్లలైతే మొదటి వారాల్లో పక్కనే ఉండండి, చచ్చిపోవాలన్న మాట వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి చేస్తే రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.