అమెరికా కాలేజీకి ‘కమిట్’ అయ్యే ముందు ఏం చూసుకోవాలి: నెల్లూరు, ఒంగోలు పిల్లలకీ అమ్మానాన్నలకీ

ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే ప్రాక్టీస్ చేసే పిల్లకి అమెరికా కోచ్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ‘నువ్వు మా టీమ్‌కి కావాలి’ అని ఒక మెసేజ్ వస్తే, సాయంత్రానికల్లా చుట్టాలందరికీ సీటొచ్చేసిందని తెలిసిపోతుంది. సీటు ఇంకా రాలేదు. నోటిమాట కమిట్‌మెంట్‌కి (మా టీమ్‌లోకి తీసుకుంటామని వాళ్లూ, చేరి ఆడతామని మీరూ మాటిచ్చుకోవడానికి) కాలేజీ కట్టుబడదు, మీరూ కట్టుబడక్కర్లేదు. చేతికి కాగితం వచ్చేదాకా మిగతా కోచ్‌లతో మాట్లాడటం ఆపొద్దు.

ముందు మీ ఆట అక్కడ ఉందా చూసుకోండి. అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని ఛాంపియన్‌షిప్‌లలో క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్ లేవు. అథ్లెటిక్స్, టెన్నిస్, ఈత, వాలీబాల్, గోల్ఫ్ ఉన్నాయి. ఎన్‌సీఏఏ తన కాలేజీల్ని మూడు డివిజన్లుగా విడదీసింది. వీటిలో ఆటకిచ్చే స్కాలర్‌షిప్ డివిజన్ 1, 2 కాలేజీల్లోనే దొరుకుతుంది. డివిజన్ 3లో ఉండదు, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ ఉండదు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది చదువు దగ్గర. ఎన్‌సీఏఏ వాళ్లు 9వ తరగతి నుంచీ మార్కుల లెక్క చూస్తారు. మొత్తం 16 కోర్ సబ్జెక్టులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటివి, ఏడాది చదివిన ఒక్కో సబ్జెక్టు ఒకటిగా లెక్క) కావాలి, వాటిలో గ్రేడ్ సగటు 4కి డివిజన్ 1లో 2.3, డివిజన్ 2లో 2.2 ఉండాలి. ఎంపీసీ వాళ్లకి ఇంటర్‌లో సోషల్ ఉండదు కాబట్టి, దానికి 9, 10 తరగతుల మార్కులే దిక్కు. ఆ మార్కుల లిస్టు స్కూల్ ఆఫీసులో ఇప్పుడే తీసిపెట్టుకోండి, స్కూలు మూతపడితే ఆ కాగితం కోసం నానా తిప్పలు పడాలి. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్‌లో చేరి ఆ ఏడాదంతా టోర్నమెంట్లు ఆడాలనుకుంటే, ఆడే అర్హతలో కొంత పోవచ్చు. ముందుగానే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకి (ఆటల రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే ఆఫీసు) మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

ఇక సంతకం సంగతి. ఫలానా కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అనే పత్రం 2024 అక్టోబర్‌లోనే రద్దయింది, ఇప్పటికీ దాని పేరు చెప్పి తొందరపెట్టేవాళ్ల మాట నమ్మొద్దు. ఇప్పుడు సంతకం పెట్టేది ఆర్థిక సాయం ఒప్పందం మీద. అందులో మొత్తం డబ్బు ఎంత, ఎన్ని సెమిస్టర్లకి అనే రెండు లైన్లు వేలుపెట్టి చదవండి. ‘స్కాలర్‌షిప్’ అని పైన పెద్దక్షరాల్లో ఉన్నా, కింద ఒక్క ఏడాదికే అని ఉండొచ్చు, ట్యూషన్ ఫీజు మాత్రమే ఇచ్చి హాస్టలు, భోజనం, ఇన్సూరెన్స్ మీ నెత్తిన వేయొచ్చు. ఆ మిగిలిన మొత్తాన్ని నాలుగేళ్లకి రూపాయల్లో లెక్కేసి చూశాకే పెన్ను పట్టండి. ఒప్పందం నడుస్తుండగా గాయమైందనో, సరిగ్గా ఆడలేదనో సాయం తగ్గించకూడదు, కానీ ఏడాది ఒప్పందం అయిపోయాక కొన్నిచోట్ల కొనసాగించకపోవచ్చు. కొనసాగిస్తారో లేదో జూలై 1 లోపు మీకు చెప్పాలి, ఆపేస్తే అప్పీలుకి వెళ్లే హక్కుంటుంది. కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోయినా ఒప్పందం మాత్రం ఈ కాలేజీతోనే, అందుకే కోచ్ లేకపోయినా అక్కడ చదవగలమా అని పిల్లనే అడగండి. 2025 జూలై నుంచి చాలా పెద్ద కాలేజీల్లో టీమ్‌లో ఎంతమంది ఉండాలో పరిమితి వచ్చింది. ‘నాకు ఆ లెక్కలో చోటుందా?’ అని మెయిల్‌లోనే అడగండి.

స్కాలర్‌షిప్ వస్తే అందులో ఇంత శాతం ఇవ్వాలనే కన్సల్టెన్సీ జోలికి అస్సలు వెళ్లొద్దు. సీటు, స్కాలర్‌షిప్ వస్తేనే ఫీజు అన్న ఒప్పందం పిల్ల అర్హతకే ఎసరు పెడుతుంది. ముందే చెప్పిన ఫిక్స్‌డ్ ఫీజుకే ఒప్పుకోండి, రసీదు తీసుకోండి.

అక్కడి అమెరికన్ పిల్లలు ప్రకటనలు చేసి డబ్బు సంపాదించుకోవడం చూసి మనవాళ్లూ సరే అనొద్దు. ఎఫ్-1 (చదువు కోసం ఇచ్చే) వీసా మీద ఉన్నప్పుడు అది అనుమతి లేని పని కిందికి వస్తే వీసానే పోతుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ, కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసునీ అడగకుండా అలాంటి దేనిమీదా సంతకం పెట్టనివ్వకండి.