మిస్సిసాగాలో మొదటి చలికాలం: కొత్తగా వచ్చినవాళ్ళకీ, వాళ్ళ పక్కింటివాళ్ళకీ

పోయిన నవంబర్లో, కెనడాలో టొరంటో పక్కనున్న ఈ మిస్సిసాగాలో, మా వీధి చివర పోస్టుడబ్బాల దగ్గర ఒకమ్మాయి పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. కొత్త కాలనీల్లో ఇక్కడ ఉత్తరాలు ఇంటికి తెచ్చివ్వరు, వీధి మొత్తానికీ కలిపి అరలున్న పెద్ద డబ్బా ఒకటి పెడతారు, ఎవరి అరకి వాళ్ళ తాళంచెవి. ఆ అమ్మాయి ఎంత తిప్పినా అర తెరుచుకోవట్లేదు. నా సంచిలోంచి కరివేపాకు కనబడిందో ఏమో, "అక్కా, తెలుగేనా? ఇది తిరుగుతలేదు" అంది. విషయం ఏంటంటే అర నంబరు వేరు, ఇంటి నంబరు వేరు, తను ఇంటి నంబరు చూసి వేరేవాళ్ళ అర తిప్పుతోంది. రెండు నిమిషాల్లో అయిపోయే పని, అయినా ఆ చలిలో ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నాం. కరీంనగర్ నుంచి వచ్చి అయిదు వారాలైందట, వాళ్ళాయనతో తప్ప ఇంకో మనిషితో ఎదురెదురుగా తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారట.

ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి తీసుకొచ్చేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, మొదటి వారం పప్పూ చారూ పంపేవాళ్ళూ ఉన్నారు. రెండో నెలలో తలుపు తట్టేవాళ్ళు మాత్రం కనబడరు, అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

ముందు కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు మాటలు. ఉద్యోగానికీ పన్నులకీ కావాల్సిన సిన్ నంబరుకి ప్రభుత్వ ఆఫీసు సర్వీస్ కెనడాలో డబ్బులేమీ కట్టక్కర్లేదు, చేసిపెడతామని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చినవాళ్ళకి ఓహిప్ కార్డుకి, అంటే మన ఒంటారియో రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా కార్డుకి, పూర్వం మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020 నుంచి ఆ గడువు తీసేశారు, కాబట్టి అడ్రస్ ప్రూఫ్ చేతికి రాగానే వెళ్ళి అప్లై చేయండి. పిల్లల టీకాల కార్డు ఇండియా నుంచి తప్పకుండా తెచ్చుకోండి, స్కూల్లో అడుగుతారు. బస్సు, రైలు టికెట్లకి వాడే ప్రెస్టో కార్డు కొనుక్కోండి. 2024 ఫిబ్రవరి నుంచి మన మిస్సిసాగా సిటీ బస్సు మైవే దిగి టొరంటో సబ్‌వే ఎక్కితే రెండు గంటల్లోపు రెండోసారి టికెట్ పడదు, ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్ళకి అది చాలా కలిసొస్తుంది.

అద్దె గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మేం వచ్చినప్పుడు బేస్‌మెంట్ ఓనరు "మీకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు" అని ఆర్నెల్ల అద్దె ముందే కట్టమన్నాడు. చేతిలో పసిపిల్ల, బయట మైనస్ పది, ఊరినుంచి తెచ్చుకున్న డబ్బులో సగానికి పైగా ఆ రోజే ఇచ్చేశాం. ఒంటారియోలో ఓనరు అద్దె డిపాజిట్‌గా అడగగలిగేది ఆఖరి నెల అద్దె ఒక్కటే, డ్యామేజీ డిపాజిట్ అని వేరేగా తీసుకోకూడదు, ఈ సంగతి అప్పుడు మాకు ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది. 2018 నుంచి ఇళ్ళ అద్దెలకి ప్రభుత్వం ఇచ్చిన ఒకే రకం అగ్రిమెంటు ఫారం ఉంది, అదే కావాలని అడగండి. అడిగితే ఇల్లు ఇవ్వరేమో అని భయంగా ఉంటుంది, నాకు తెలుసు. ఇక్కడ నాలుగేళ్ళుగా ఉంటున్న వాళ్ళనెవరినైనా వెంట తీసుకెళ్ళండి, పక్కన ఇంకో మనిషి ఉంటే మాట్లాడే పద్ధతే మారుతుంది.

చెత్త సంగతి పక్కింటివాళ్ళని చూస్తే తెలిసిపోతుంది. ఆకుపచ్చ డబ్బా, అంటే వంటింటి చెత్త, ప్రతి వారం తీసుకెళ్తారు, మామూలు చెత్త వారం విడిచి వారం. నవంబర్ నుంచి మార్చి దాకా రాత్రి 2 నుంచి 6 వరకు కారు వీధిలో ఉంచకండి, మంచు తీసే బండ్లు తిరుగుతాయి, జరిమానా పడుతుంది.

మంచు తీయడం మాకు నేర్పింది పక్కింటి పోర్చుగీసు పెద్దావిడ. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, నేనేమో కొత్త. మొదటిసారి మంచు పడ్డ రోజు మావారు ఇనుప పారతో కుస్తీ పడుతుంటే ఆవిడ వెడల్పాటి ప్లాస్టిక్ పార, ఒక బకెట్ ఉప్పు పట్టుకుని వచ్చింది. బండి వెళ్ళాక డ్రైవ్‌వే మొదట్లో గట్టు కట్టిన మంచు బరువుగా ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెంగా, నడుముతో కాకుండా మోకాళ్ళు వంచి ఎత్తాలని చేసి చూపించింది. తర్వాత గుప్పెడు ఉప్పు తీసుకుని, మన పెద్దవాళ్ళు కోళ్ళకి గింజలు చల్లినట్టు, కాలు జారకుండా మెట్ల మీద చల్లింది. ఆ పార ఇంకా మా గరాజ్‌లోనే ఉంది. అందుకే చెప్తున్నా, సాయానికి తెలుగువాళ్ళే దొరకాలని చూస్తూ కూర్చోకండి, పక్కింటి తలుపు కొట్టండి.

ఇప్పుడు ముందే వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళకి. ఉద్యోగానికి వెళ్ళే మనిషికి ఆఫీసైనా ఉంటుంది, ఇంట్లో ఉండే మనిషికి నాలుగు గోడలే. డిసెంబర్లో సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడిపోతుంది, అమ్మకి ఫోన్ చేద్దామంటే అక్కడ నడిరాత్రి దాటి ఉంటుంది. "ఏమైనా కావాలంటే చెప్పండి" అని వదిలేస్తే ఎవరూ చెప్పరు, మొహమాటం. "రేపు పదకొండింటికి లైబ్రరీకి వెళ్తున్నా, మీరూ రండి, కారు మీ ఇంటి ముందు ఆపుతా" అనండి. లైబ్రరీ కార్డు ఫ్రీ, అక్కడ పిల్లలకి కథలు చెప్తారు. ఇంగ్లీషు భయమున్న పీఆర్ వాళ్ళకి లింక్ అనే ఇంగ్లీషు క్లాసులు ఉచితం, మొదటి రోజు మాత్రం తోడు వెళ్ళండి, ఒంటరిగా వెళ్ళాలంటే గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేసేవాళ్ళున్నారు.

పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కూడా చూడండి. వాళ్ళకి ఓహిప్ రాదు, కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ కొనే వస్తారు, అయినా బిల్లు ఎంతవుతుందో అన్న టెన్షన్‌తో నొప్పి వచ్చినా పిల్లలకి చెప్పరు. "బాబాయిగారూ, నడకకి వస్తారా" అని వారానికి రెండుసార్లు పిలిస్తే ఆ నడకలో చెప్పేస్తారు.

ఇంకో మాట, కూర పంపేటప్పుడు పారేసే ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా స్టీలు గిన్నెలో పంపండి. మనవాళ్ళు గిన్నె ఉంచేసుకోరు, ఖాళీగానూ తిరిగివ్వరు, నాలుగు గారెలైనా వేసుకుని మీ ఇంటికొస్తారు. వచ్చినప్పుడు టీ పెట్టి కూర్చోబెట్టండి.